డైకియా మొక్కల్లో మొవ్వు కుళ్లు: నీరు నిలవడమే కారణం

ప్రశ్న: నీటి ఎద్దడిని బాగా తట్టుకుంటాయని చెబితే నర్సరీ నుంచి డైకియా మొక్కలు (ముళ్ల ఆకులుండే అలంకరణ మొక్కలు) తెచ్చి, బత్తాయి తోట పక్కన ఇంటి ముందు నల్లనేలలో, డ్రిప్పు లైను వెంట నాటాను. వానలు మొదలయ్యాక మొవ్వు కుళ్లి, పట్టుకుంటే ఆకులు ఊడి వస్తున్నాయి. బత్తాయికి వాడగా మిగిలిన కాపర్ ఆక్సీక్లోరైడ్ కొడితే ఆకుల చివర్లు కూడా మాడాయి. ఏం చేయాలి?
– ఒక రైతు, దేవరకొండ, నల్గొండ జిల్లా

జవాబు: ముందుగా కాపర్ ఆక్సీక్లోరైడ్ పిచికారీ ఆపేసి, ఆకులను మంచినీటితో బాగా కడగండి. బత్తాయిలో బంక తెగులుకు మేలు చేసే రాగి మందులు అనాస కుటుంబానికి చెందిన ఈ మొక్కలకు విషంతో సమానం. రాగి ఉండే బోర్డో మిశ్రమమైనా అంతే. మాడిన చివర్లు మళ్లీ పచ్చబడవు గానీ, మొదలు గట్టిగా ఉంటే కొత్త ఆకులు వస్తాయి.

అసలు కారణం మాత్రం నేల. బ్రెజిల్, పరాగ్వే, అర్జెంటీనా దేశాల రాతి గుట్టల మీద పెరిగే డైకియాకు అక్కడా వాన తగులుతుంది, అయితే ఆ నీరు రాళ్ల సందుల్లోంచి నిలవకుండా జారిపోతుంది. ఈ మొక్క ఆకుల మీది సన్నని పత్రరంధ్రాలను పగలు మూసి, చల్లబడ్డాక రాత్రిపూట తెరుస్తుంది కనుక దాని నీటి ఖర్చు చాలా తక్కువ. రోజూ డ్రిప్పు పారే నల్లనేలలో వేర్లకు గాలి ఆడక మొదలు కుళ్లిపోతుంది.

తోలు చేతి తొడుగులు వేసుకుని (ఆకు అంచుల ముళ్లు కొక్కేల్లా వంగి ఉంటాయి) మొక్కలను తవ్వి తీసి, మొదలును వేలితో నొక్కి చూడండి. మెత్తగా, దుర్వాసనతో ఉన్నవాటిని తీసిపారేయండి. గట్టిగా ఉన్నవాటికి కుళ్లిన వేర్లను శుభ్రమైన కత్తితో తెల్లని కండ కనిపించేదాకా కోసి, నాలుగైదు రోజులు నీడలో ఆరబెట్టండి. మొవ్వు పోయినా పక్కన పిలకలు ఉంటే నిరాశపడనక్కర్లేదు, వాటినే వేరు చేసి నాటుకోవచ్చు.

అడుగు ఎత్తున మడి కట్టి, ఎర్ర చెలక మట్టి, దొడ్డు ఇసుక, చిన్న కంకర సమానంగా కలిపి నింపండి. మొదలు మట్టిలో కూరుకుపోకుండా నాటి, చుట్టూ గులకరాళ్లు పరచండి. డ్రిప్పరును అక్కడినుంచి తప్పించి, వానాకాలంలో నీరు పూర్తిగా మానండి. వేసవిలో మాత్రం, ఎద్దడిని తట్టుకుంటుంది కదా అని అసలే వదిలేయకుండా, పైమట్టి బాగా ఆరాక వారం పది రోజులకోసారి సాయంత్రం వేర్ల దాకా తడపండి. ఎండ ఎంత తగిలితే అంత మంచిది. కొత్తగా నాటినవాటికి మాత్రం వేర్లు పట్టేదాకా మధ్యాహ్నం నీడ ఇవ్వండి.