తాళాలు చేతికి రాకముందే డిపాజిట్ పంపాలా? జర్మనీలో ఇల్లు వెతుకుతున్న విద్యార్థి తండ్రికి జవాబు

ప్రశ్న: మాది బరంపురం. నేను విశ్రాంత ఉపాధ్యాయుణ్ణి. మా అబ్బాయి మ్యూనిక్‌లో ఎం.ఎస్. చదువుతున్నాడు. వేసవి సెలవులకు వస్తూ, రెండు నెలల అద్దె దండగని పాత గది ఖాళీ చేసి వచ్చాడు. అక్టోబరులో తరగతులు కనుక సెప్టెంబరు ఆఖరుకు తిరిగి వెళ్లాలి. ఇక్కడి నుంచే ఆన్‌లైన్‌లో ఇల్లు వెతుకుతున్నాడు. నగరం నడిబొడ్డున నెలకు 700 యూరోలకు రెండు గదుల ఫ్లాటు ఇస్తానని ఒక యజమాని రాశాడు. ఉద్యోగరీత్యా వేరే దేశంలో ఉన్నందున ఇల్లు చూపించలేనని, మూడు నెలల డిపాజిట్, మొదటి నెల అద్దె కలిపి 2,800 యూరోలు ఆ దేశపు ఖాతాకు పంపితే తాళాలు కొరియర్ చేస్తానని అంటున్నాడు. తన పాస్‌పోర్టు కాపీ, సంతకం చేసిన ఒప్పందం పంపాడు. ఇల్లు వేరెవరికీ ఇవ్వకుండా ఉంచడానికని ఇప్పటికే 300 యూరోలు కార్డు ద్వారా కట్టాము. నా పూచీకత్తు పత్రం కూడా అడుగుతున్నాడు. కోర్టు దగ్గర స్టాంపు కాగితం మీద రాయించి, నోటరీ చేయించి పంపనా? మా పక్కింటివారి అల్లుడు జర్మనీలోనే ఉన్నారు. ఆయన అక్కడ యూరోలు కడితే ఇక్కడ మేము పక్కింటివారికి రూపాయలు ఇచ్చేయవచ్చా? పాత గది డిపాజిట్ కూడా ఇంకా రాలేదు. ఏం చేయమంటారు?

జవాబు: ముందుగా, ఆ 2,800 యూరోలు పంపకండి. అనుమానం ఉంది కనుక మాత్రమే ఈ మాట చెప్పడం లేదు; ఆ వ్యక్తి నిజంగా యజమానే అయినా, ఆ డబ్బును ఆ విధంగా అడిగే హక్కు జర్మన్ చట్టం అతనికి ఇవ్వలేదు.

బీజీబీ అని పిలిచే జర్మన్ పౌర స్మృతిలోని 551వ సెక్షన్ ప్రకారం, నివాస గృహానికి తీసుకునే డిపాజిట్ మూడు నెలల అద్దెకు మించకూడదు. ఆ అద్దెను లెక్కించేటప్పుడు, అద్దెతో పాటు విడిగా చూపి వసూలు చేసే నీరు, హీటింగు వంటి నిర్వహణ ఖర్చులను కలపకూడదు. మీకు చెప్పిన 700లో ఆ ఖర్చులు కూడా ఉంటే, 2,100 యూరోల డిపాజిట్ అక్కడికక్కడే పరిమితి దాటినట్టు. అంతకంటే ముఖ్యమైనది, ఆ డిపాజిట్‌ను మూడు సమాన నెలసరి వాయిదాలలో చెల్లించే హక్కు అద్దెదారుకు ఉంది. మొదటి వాయిదా చెల్లించవలసినది అద్దె కాలం మొదలైనప్పుడే గాని అంతకు ముందు కాదు. అంటే మీ అబ్బాయి ఇంట్లో చేరే నాటికి చట్టప్రకారం చెల్లించవలసినది మొదటి నెల అద్దె 700, డిపాజిట్‌లో మూడో వంతు 700, మొత్తం 1,400 యూరోలు. మిగిలిన 1,400 తరువాతి రెండు నెలల అద్దెలతో పాటు ఇవ్వవచ్చు. ఒప్పందంలో ఇందుకు భిన్నంగా రాసుకున్నా, అద్దెదారుకు నష్టం కలిగించే ఆ షరతు చెల్లదని అదే సెక్షన్ చెబుతోంది. ఇళ్ల గిరాకీ విపరీతంగా ఉండే మ్యూనిక్ వంటి నగరంలో నిజమైన యజమానులు కూడా డిపాజిట్ మొత్తం ఒకేసారి ఇమ్మని అడుగుతూనే ఉంటారు. ఇల్లు చూసి, తాళాలు అందుకున్నాక మీ అబ్బాయి అందుకు ఒప్పుకుంటే అది అతని ఇష్టం. తాళాలు రాకముందు మాత్రం వద్దు.

ఆ వ్యక్తి పంపిన పాస్‌పోర్టు కాపీ వల్ల ఇల్లు అతనిదని రుజువు కాదు. ఇలాంటి మోసాలలో, అంతకు ముందు మోసపోయిన మరొకరి పాస్‌పోర్టునే ముందుకు పంపడం జరుగుతూ ఉంటుంది. మీ అబ్బాయి తన పాస్‌పోర్టు, వీసా కాపీలను అతనికి పంపాడో లేదో మీరు రాయలేదు. పంపి ఉంటే ఆ సంగతిని కింద చెప్పబోయే ఫిర్యాదులో తప్పక చేర్చండి, లేకపోతే రేపు ఆ కాపీతో ఇంకెవరినైనా మోసగిస్తే మీ అబ్బాయి సంజాయిషీ చెప్పుకోవలసి రావచ్చు.

ఇంకొక పరీక్ష కూడా ఉంది. జర్మనీలో కొత్త ఇంట్లో చేరినవారు రెండు వారాలలోగా పౌర నమోదు కార్యాలయంలో చిరునామా నమోదు చేయించుకోవాలి. ఇందుకు ఇల్లు ఇచ్చినవారి ధృవీకరణ పత్రం 2015 నవంబరు నుంచి తప్పనిసరి. చిరునామా నమోదు లేకపోతే నివాస అనుమతి పొడిగింపు మొదలుకొని బ్యాంకు పనుల వరకు అన్నీ చిక్కుపడతాయి. కనుక ఏ ఇంటి విషయంలోనైనా మీ అబ్బాయి మొదట అడగవలసిన ప్రశ్న ఈ పత్రం ఇస్తారా లేదా అన్నదే. ఇవ్వనన్నవారి ఇంట్లో అద్దె ఎంత తక్కువైనా చేరకూడదని నా అభిప్రాయం.

ఇల్లు చూడటానికి అబ్బాయి ఇక్కడి నుంచి వెళ్లలేడు కనుక, అక్కడున్న సహాధ్యాయి ఎవరైనా స్వయంగా వెళ్లి, గది లోపలికి అడుగుపెట్టి చూసి రావాలి. ఫోటోలు, వీడియోలు అందుకు బదులు కావు. అది కుదరకపోతే, విద్యార్థుల సంక్షేమం చూసే స్టుడీరెండెన్‌వెర్క్ సంస్థ వసతి గృహాలకు దరఖాస్తు పెట్టి, మొదటి ఒకటి రెండు నెలలకు ఎవరి గదిలోనైనా ఉప అద్దెకు చేరి, నగరంలో ఉంటూ ఇల్లు వెతుక్కోవడం మేలు. ఉప అద్దె విషయంలో, అసలు యజమాని రాతపూర్వక అనుమతిని కళ్లారా చూడాలి. యజమాని అనుమతి లేకుండా అద్దెదారు మరొకరికి ఇల్లు ఇస్తే యజమాని ఆ అద్దెనే రద్దు చేసే అవకాశం ఉంది, అద్దెదారు హక్కు పోయిన తరువాత ఉప అద్దెదారు యజమానిపై ఏ హక్కూ చూపలేడు. దళారీ ద్వారా వెతికితే, 2015 జూన్ నుంచి అమలులో ఉన్న నియమం ప్రకారం దళారీని పెట్టుకున్నవారే రుసుము భరించాలి. యజమాని పెట్టిన దళారీ మీ అబ్బాయిని ఒక్క యూరో అడిగినా అది చెల్లదు.

ఇక పూచీకత్తు. బరంపురం కోర్టు ఆవరణలో కొన్న స్టాంపు కాగితానికి మ్యూనిక్‌లో ఏ ప్రత్యేక బలమూ లేదు. జర్మన్ చట్టం కోరేది చేతి సంతకం గల కాగితం, ఈమెయిలులో పంపిన పూచీ అక్కడ సాధారణంగా చెల్లదు. అసలు సంగతి వేరే ఉంది. డిపాజిట్, పూచీకత్తు రెండూ కలిపి కూడా మూడు నెలల అద్దెకు మించకూడదు. యజమానే రెండూ కావాలని పట్టుబడితే, మించిన భాగం చెల్లదు. తండ్రి తనంతట తాను ముందుకొచ్చి పూచీ ఇచ్చినప్పుడు మాత్రం అక్కడి న్యాయస్థానాలు దానిని వేరుగా చూశాయి, కనుక ఆత్రంతో మీరే ప్రతిపాదించకండి. పైగా, భారతదేశంలో నివసించేవారు విదేశంలో ఉన్నవారికి పూచీ ఇవ్వడం విదేశీ మారక నిబంధనల పరిధిలోకి వస్తుంది. మీ బ్యాంకును లిఖితపూర్వకంగా అడగకుండా ఎక్కడా సంతకం చేయకండి.

పక్కింటివారి అల్లుడి ద్వారా చెల్లించే ఆలోచనను పూర్తిగా మానుకోండి. మన ప్రాంతంలో పిల్లలను విదేశాలకు పంపిన ఇళ్లలో ఇది సహాయంగానే చలామణి అవుతోంది, ఇందులో ఎవరికీ దురుద్దేశం ఉండదు కూడా; అయినా 1999 నాటి విదేశీ మారక నిర్వహణ చట్టం, అంటే ఫెమా, మూడవ సెక్షన్ దీనినే నిషేధిస్తోంది. ఆ సెక్షన్ ప్రకారం విదేశంలో నివసించే వ్యక్తికి గాని, అతని ఖాతాకు జమ అయ్యేలా గాని, అనుమతి లేకుండా చెల్లింపు చేయకూడదు. విదేశంలో నివసించే వ్యక్తి తరఫున ఇక్కడ రూపాయలు తీసుకోవడం కూడా, అధీకృత బ్యాంకు ద్వారా కానప్పుడు, ఉల్లంఘనే. అంటే ఇచ్చిన మీరు, తీసుకున్న పక్కింటివారు ఇద్దరూ చిక్కుతారు. 13వ సెక్షన్ కింద జరిమానా ఆ మొత్తానికి మూడు రెట్ల వరకు ఉండవచ్చు. అల్లుడుగారు మీ అబ్బాయికి అక్కడే యూరోలలో చేబదులు ఇచ్చి, మీ అబ్బాయి అక్కడే యూరోలలో తీర్చితే ఇబ్బంది లేదు. రూపాయలతో సర్దుబాటు చేయడమే తప్పు.

మీరు సక్రమంగా డబ్బు పంపే దారి కష్టమైనదేమీ కాదు. రిజర్వు బ్యాంకు సరళీకృత చెల్లింపుల పథకం కింద భారతదేశంలో నివసించే వ్యక్తి ఒక ఆర్థిక సంవత్సరంలో 2,50,000 డాలర్ల వరకు పంపవచ్చు. పాన్ కార్డు, విదేశాలకు డబ్బు పంపడానికి బ్యాంకులో నింపి ఇచ్చే ఏ-2 పత్రం, అబ్బాయి ప్రవేశ పత్రాలతో మీ బ్యాంకు శాఖకు వెళ్లి, విదేశీ విద్య నిమిత్తమని చూపి మీ అబ్బాయి జర్మన్ ఖాతాకే పంపండి, అపరిచితుడి ఖాతాకు కాదు. ఒక ఆర్థిక సంవత్సరంలో మీరు పంపిన మొత్తం 10 లక్షల రూపాయలు దాటే వరకు మూలం వద్ద పన్ను వసూలు, అంటే డబ్బు పంపేటప్పుడే బ్యాంకు వసూలు చేసే పన్ను (టీసీఎస్), ఉండదు. చదువు కోసం విదేశం వెళ్లిన మీ అబ్బాయి ఫెమా దృష్టిలో ప్రవాసి కనుక, ఇక్కడి అతని పొదుపు ఖాతాను ఎన్.ఆర్.ఓ. ఖాతాగా, అంటే ప్రవాసులు ఇక్కడ ఉంచుకునే రూపాయల ఖాతాగా, మార్పించారో లేదో కూడా అదే రోజు చూసుకోండి. వీసా కోసం ముందే డబ్బు జమ చేసి, నెలనెలా కొంత మాత్రమే తీసుకోనిచ్చే అతని బ్లాక్డ్ ఖాతా నుంచి నెలకు విడుదలయ్యే 992 యూరోలు తిండికీ అద్దెకే చాలీచాలకుండా ఉంటాయి. డిపాజిట్‌ను ఆ డబ్బులోంచి సర్దుకుంటాడని అనుకోవద్దు.

కట్టిన 300 యూరోల విషయంలో ఈ రోజే కదలాలి. కార్డు ఇచ్చిన బ్యాంకుకు రాతపూర్వకంగా వివాదం నమోదు చేయించి, కార్డు నిలిపివేయించండి. సైబర్ మోసాల సహాయ కేంద్రం 1930 నంబరుకు ఫోన్ చేసి, జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. మోసగాడు విదేశంలో ఉన్నాడని ఠాణాలో వెనక్కి పంపితే ఒప్పుకోకండి. నేర విచారణ పద్ధతిని నిర్దేశించే భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఏ ప్రాంతంలో జరిగినా ఏ ఠాణాలోనైనా సమాచారం ఇవ్వవచ్చు. అదే సంహిత 202వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ సందేశాల ద్వారా జరిగిన మోసాన్ని ఆ సందేశాలు అందిన చోట కూడా విచారించవచ్చు, మీకవి బరంపురంలోనే అందాయి. మోసానికి, వేరొకరిలా నటించి చేసే మోసానికి సంబంధించిన భారతీయ న్యాయ సంహిత 318, 319 సెక్షన్లు, కంప్యూటరు ద్వారా అలా నటించి చేసే మోసానికి సంబంధించిన సమాచార సాంకేతికత చట్టం 66-డి సెక్షన్ వర్తిస్తాయని ఫిర్యాదులో పేర్కొనండి. ఒడియాలో రాయడం కష్టమైతే ఇంగ్లీషులో రాయండి; రేపు మ్యూనిక్ పోలీసులకు చూపవలసి వచ్చినా ఆ ప్రతి పనికొస్తుంది. అవతలి వ్యక్తితో సంభాషణను చెరిపివేయకండి, అతనికి ఫిర్యాదు సంగతి చెప్పకండి. డబ్బు తిరిగి వస్తుందని నేను హామీ ఇవ్వలేను. మీరే ఆమోదించి కట్టిన సొమ్ము కనుక బ్యాంకు బాధ్యత పరిమితంగానే ఉంటుంది.

పాత గది డిపాజిట్‌ను ఇన్ని రోజులలో తిరిగి ఇవ్వాలని జర్మన్ స్మృతిలో నిర్ణీత గడువు లేదు. లెక్కలు తేల్చుకోవడానికి యజమానికి సహేతుకమైన సమయం ఇస్తారు, ఆచరణలో అది కొన్ని నెలలు పడుతుంది, ఆ తరువాత కూడా రావలసిన నిర్వహణ ఖర్చుల లెక్క కోసం కొంత భాగం అట్టిపెట్టుకోవచ్చు. అయితే గదికి నష్టం జరిగిందని యజమాని చేసే దావాకు, గది తిరిగి అందిన నాటి నుంచి ఆరు నెలలే కాలపరిమితి. కనుక గది అప్పగించిన రోజు రాసుకున్న పత్రం, ఫోటోలు భద్రపరచి, ఖాతా నంబరుతో ఒక గడువు విధిస్తూ మీ అబ్బాయి చేత ఇప్పుడే ఉత్తరం రాయించండి. యజమాని స్పందించకపోతే అక్కడి అద్దెదారుల సంఘంలో సభ్యత్వం తీసుకోవచ్చు, లేదా స్టుడీరెండెన్‌వెర్క్ వారి న్యాయ సలహా కేంద్రం ఉంటే అక్కడికి వెళ్లవచ్చు. నేను ఇక్కడి న్యాయవాదిని కనుక ఆ దావాలో అతని తరఫున నిలబడలేను. డిపాజిట్ తిరిగి కోరే హక్కుకు సాధారణ కాలపరిమితి మూడు సంవత్సరాలు, అది హక్కు ఏర్పడిన సంవత్సరం ముగిసిన నాటి నుంచి లెక్కకు వస్తుంది.