జబ్బు పడ్డ ఇంటికి రాత్రి భోజనం పంపేటప్పుడు

విజయవాడ,
2021 మే 18

చి. ల. సౌ. అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

మీ అపార్ట్‌మెంట్‌లో కొన్ని ఇళ్ల వాళ్లకు కోవిడ్ వచ్చిందని, వాళ్లకు వండి పంపాలని నువ్వు అనుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం కలిగింది తల్లీ. ఫోన్‌లో చెబితే సగం గాలికి పోతుంది. అందుకే కాగితం మీద రాసి ఫొటో తీసి పంపుతున్నాను. పోయిన ఏడాది నుంచి మా వీధిలో ఈ పని చేస్తున్నదాన్ని కాబట్టి నా మాట మీద నమ్మకం ఉంచు.

మొదటి సంగతి, మూడు పూటలూ నెత్తిన వేసుకోవద్దు. రాత్రి భోజనం ఒక్కటే పట్టుకో. పొద్దున్న ఎవరో ఒకరు లేచి ఇంత ఉప్మా అయినా కలుపుకుంటారు. సాయంత్రానికి జ్వరం పెరుగుతుంది, ఒళ్లు నొప్పులు పెరుగుతాయి. సేవ చేసే మనిషి అప్పటికి నిలబడలేని స్థితికి వస్తుంది. చాలా ఇళ్లలో ఆ మనిషికీ పాజిటివే. ఏ బిస్కెట్లో తిని మాత్రలు వేసుకుని పడుకునేది రాత్రిపూటే. నువ్వు అందుకోవలసిన పూట అది. ఇంకో సౌకర్యం కూడా ఉంది. మీకు తెలంగాణలో పొద్దున 10 గంటలకే లాక్‌డౌన్ మొదలవుతుంది, మాకు ఇక్కడ ఆంధ్రలో 12 దాకా వెసులుబాటు. 10 తరువాత నువ్వు గేటు దాటలేవు కానీ మెట్లు దిగి కింది అంతస్తుకు వెళ్లగలవు. కాబట్టి మీ భవనం వరకే పెట్టుకో. దూరపు ఇళ్లను ఒప్పుకుని మధ్యలో ఆపేస్తే వాళ్లు ఆకలితో ఎదురుచూస్తారు.

"ఏమైనా కావాలా?" అని మాత్రం అడగకు. మనవాళ్ల మొహమాటం నీకు తెలియనిది కాదు, "ఏమీ వద్దమ్మా, అన్నీ ఉన్నాయి" అంటారు. "ఈ రాత్రికి ఇడ్లీ పంపనా, పుల్కాలు పంపనా?" అని అడుగు. అప్పుడు జవాబు వస్తుంది. పిల్లలు అమెరికాలో ఉండి ఇద్దరే ఉంటున్న పెద్దవాళ్లయితే ఇంకా గట్టిగా అడగాలి. కొడుకు కంగారు పడతాడని వాళ్లు జ్వరం సంగతి కూడా దాస్తారు.

వంట విషయానికి వస్తే, వాళ్ల కోసం వేరే పొయ్యి పెట్టనవసరం లేదు. మీరు తినేదే కాస్త ఎక్కువ వండి, కారం, మసాలా వేయకముందే వాళ్ల వాటా తీసి పక్కన పెట్టు. సొరకాయ పెసరపప్పు, బీరకాయ కూర, మిరియాల చారు, మెత్తగా ఉడికిన అన్నం, గుడ్లు తినేవాళ్లయితే ఉడికించిన గుడ్డు. మనవాళ్లు జ్వరం తగ్గిన మనిషికి పథ్యం పెట్టే పద్ధతి ఇదే, ఇప్పుడూ అదే పనికొస్తుంది. పోయిన ఏడాది హైవే మీద నడిచి వెళ్లే కూలీలకు మేము పులిహోర పొట్లాలు కట్టి ఇచ్చాం. దారిన పోయేవాళ్లకు అది సరైన తిండి. గొంతు మంటతో పడుకున్న మనిషికి నూనె ఓడే పులిహోర పంపవద్దు.

ఇంకో రెండు సంగతులు జాగ్రత్తగా చూడు. ఈ జబ్బులో చాలామందికి వాసన పోతుంది, కొందరికి రుచి కూడా. నెయ్యి, ఇంగువ తాళింపు వాళ్లకు తెలియదు. పులుపు కొంచెం తెలుస్తుంది. అందుకే చారులో చింతపండు సరిగ్గా పడాలి, పక్కన ఒక నిమ్మచెక్క పెట్టు. ఉప్పు మాత్రం పెంచకు, రుచి తెలియక వాళ్లే పైన చల్లుకుంటారు. రెండోది, డాక్టరు స్టెరాయిడ్ మాత్రలు రాశారేమో కనుక్కో. వాటితో రక్తంలో చక్కెర పెరుగుతుంది, అంతకుముందు చక్కెర వ్యాధి లేనివాళ్లకు కూడా. అలాంటి ఇంటికి బలమని పాయసాలు, బెల్లం కషాయాలు పంపితే మేలుకు బదులు కీడు జరుగుతుంది. అసలు కషాయం ఎవరికీ పంపకు, ఇప్పటికే అందరి కడుపులూ మిరియాలు, శొంఠితో మండిపోతున్నాయి.

ఈ ఎండల్లో పెరుగన్నం రాత్రి తినే వేళకు పులిసిపోతుంది. దానికి చిట్కా ఉంది. అన్నం మెత్తగా మెదిపి, కాచి గోరువెచ్చగా చల్లార్చిన పాలు పోసి, ఒక్క చెంచా పెరుగు మాత్రం కలుపు. ఐదింటికి కలిపితే తొమ్మిదికి కమ్మగా తోడుకుని ఉంటుంది. ప్రయాణాలకు మా అమ్మ ఇలాగే కట్టి ఇచ్చేది. మిగతావి వండిన వెంటనే వేడివేడిగా పంపు, రెండు గంటలకు మించి బయట ఉంచవద్దని చెప్పు.

గిన్నెల విషయంలో చాలామంది భయపడుతున్నారు. తిండి ద్వారా ఈ జబ్బు సోకుతుందనడానికి ఆధారం లేదు, గాలితోనే ప్రమాదం. అయినా గిన్నెలు ఇచ్చిపుచ్చుకోవడం ఎందుకు? వాళ్ల గుమ్మం ముందు ఒక స్టూలు వేయించు. సాయంత్రం వాళ్లు కడిగిన తమ గిన్నెలు దాని మీద పెట్టి తలుపు వేసుకోవాలి. నువ్వు మాస్కు వేసుకుని వెళ్లి, నీ గరిటెతో వాటిలో వడ్డించి, మూతలు పెట్టి, బెల్ కొట్టి వచ్చేయి. చేతులు కడుక్కో. గుమ్మంలో నిలబడి మాట్లాడవద్దు, లిఫ్ట్ ఎక్కవద్దు. ఈ పద్ధతిలో ఇంకో లాభం ఉంది. ఏ రోజైనా స్టూలు మీద గిన్నె లేకపోతే ఆ ఇంట్లో ఏదో తేడా వచ్చిందని అర్థం. వెంటనే ఫోన్ చెయ్యి, ఎత్తకపోతే తలుపు కొట్టు.

మీ భవనంలో ముస్లిం కుటుంబాలు కూడా ఉన్నాయి కదా. రంజాన్ నెల అయిపోయింది కానీ కొందరు ఈ నెలలో ఇంకో ఆరు రోజులు ఉపవాసం ఉంటారు. జబ్బు మనిషికి మినహాయింపు ఉన్నా సేవ చేసేవాళ్లు ఉండవచ్చు. అడిగి, సూర్యాస్తమయానికి ముందే వాళ్ల గిన్నె నింపు.

భోజనం అయ్యాక రోజూ ఒకే వేళకు ఒక ఫోన్ చెయ్యి. ఐదు నిమిషాలు చాలు. తిన్నారా, ఎంత తిన్నారు, ఆక్సీమీటర్‌లో ఎంత చూపిస్తోంది. 94 కంటే తగ్గితే డాక్టరుకు చెప్పమని పట్టుబట్టు, తెల్లారాక చూద్దామంటే ఒప్పుకోకు. ఆ తరువాత ఆసుపత్రుల వార్తలు ఎత్తవద్దు. కరివేపాకు మొక్క చిగురు వేసిందని, మీ పిల్లవాడు సైకిల్ నేర్చుకున్నాడని చెప్పు. నాలుగు గోడల మధ్య ఉన్నవాళ్లకు బయట మామూలు బతుకు నడుస్తోందని వినాలని ఉంటుంది. ఎవరింట్లో జబ్బుందో మాత్రం అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టవద్దు. చులకనగా చూస్తారన్న భయంతోనే జనం దాస్తున్నారు.

ఇది రాయడానికి చేయి రావడం లేదు కానీ రాయక తప్పదు. ఏ ఇంట్లోనైనా మనిషి పోతే, మన ఆచారం ప్రకారం ఆ ఇంట పొయ్యి వెలిగించరు. బంధువులు తెచ్చి పెడతారు. ఈ కర్ఫ్యూలో బంధువులు రాలేరు, మిగిలినవాళ్లు కూడా జ్వరంతోనే ఉంటారు. అప్పుడు బంధువువి నువ్వే. ఎప్పుడు తింటారో, ఏది తినకూడదో వాళ్ల పెద్దవాళ్లను ఫోన్‌లో కనుక్కుని, కర్మలు అయ్యేదాకా అన్నం, పప్పు, మజ్జిగ పంపుతూ ఉండు. ఎలా జరిగిందని అడగకు. వాళ్లు చెబితే విను. పసిపిల్లలుంటే వాళ్ల పాలు, బిస్కెట్ల సంగతి నువ్వే గుర్తు పెట్టుకో, ఆ ఇంట్లో ఎవరికీ గుర్తుండదు.

నీ ఇంట్లో ఎవరికైనా దగ్గు, జ్వరం కనిపిస్తే ఆ పూటే వంట పంపడం ఆపి కారణం చెప్పు. మీ అత్తగారిని స్టూళ్ల దగ్గరకు వెళ్లనివ్వకు. బాగున్న ఇళ్ల వాళ్లను మరికొందరిని కలుపుకుని తలా ఒక రాత్రి పంచుకోండి. ఒక్కదానివే చేస్తే వారానికే అలిసిపోతావు.

ఇది ఆవకాయ నెల. ఆ ఇళ్లవాళ్లు ఎవరూ ఈ ఏడు పచ్చడి పెట్టుకోలేరు, వాళ్లు కోలుకునేసరికి కాయ పండిపోతుంది. ఆదివారం ఆరింటికే రైతుబజారుకు వెళ్లి వాళ్ల కోసం కూడా పుల్లటి కాయలు కొట్టించు. ఇంటికొక చిన్న సీసా చాలు, గొంతు బాగయ్యాక ఇవ్వవచ్చు. కలిపే రోజు ఫోన్ చెయ్యి, ఆవపిండి, ఉప్పు, కారం పాళ్లు చెబుతాను.

ఇట్లు,
నీ పెద్దమ్మ