బోర్డుల షాపు పెడతానంటున్న మేనల్లుడికి

అల్లుడూ,

ఉద్యోగం మానేసి బోర్డుల షాపు పెడతానంటూ నువ్వు పంపిన మెసేజ్ చదివాను. ఫ్లెక్సీ మెషీను కొటేషను కూడా పంపావు కాబట్టి ముందు దాని సంగతి తేల్చేస్తాను. మెషీను కొనకు. మొదటి రెండేళ్లు ఆ ఊసే ఎత్తకు.

భీమవరం చుట్టుపక్కల మెషీన్లకు కరువు లేదు. ఉన్నవాళ్లే అడుగుకి రూపాయి, అర్ధరూపాయి తగ్గించుకుంటూ కొట్టుకుంటున్నారు. వాళ్ల పోటీ నీకే లాభం. నీ ప్రింటు వాళ్ల దగ్గర వేయించుకో, కిస్తీల టెన్షన్ వాళ్లకే వదిలెయ్. 2022 గుర్తుందా? జూలై 1 నుంచి వంద మైక్రాన్ల లోపు పీవీసీ బ్యానర్లను దేశమంతా నిషేధించారు. ఆగస్టులో విశాఖ సభలో ప్లాస్టిక్ ఫ్లెక్సీలే ఉండవని అప్పటి మన ముఖ్యమంత్రి ప్రకటించారు. నవంబరు 1 నుంచి అన్నారు, తర్వాత జనవరి 26కి జరిపారు. ఆ నాలుగైదు నెలలూ అప్పు చేసి మెషీను దించుకున్నవాళ్లకి కంటి మీద కునుకు లేదు. సభలో ఒక్క మాట అంటే ఆగిపోయే మెషీను కోసం ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టడం నాకైతే ఇష్టం లేదు.

నువ్వు అమ్మేది ప్రింటు కాదు. షాపు ముందుకి వెళ్లి కొలత తీయడం, డిజైన్ చేయడం, ఫ్రేము కట్టించడం, అక్షరాలు అతికించడం, లైటు వెలిగించడం, గాలివానకి ఊడకుండా బిగించడం. ఇదీ నీ సరుకు. ఇందులో డబ్బు మిగిలేదీ పోయేదీ కొలత దగ్గరే.

బోర్డుకి వాడే ఏసీపీ (అల్యూమినియం కాంపోజిట్) షీటు మనకి మామూలుగా దొరికేది 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు. షాపాయన 10 బై 3 బోర్డు కావాలంటాడు. అంటే 30 చదరపు అడుగులు, షీటేమో 32, ఒకటి చాలనిపిస్తుంది. చాలదు. 10 అడుగుల పొడవు రావాలంటే రెండో షీటు కొయ్యాల్సిందే, మధ్యలో జాయింటు వస్తుంది. పైగా వెనక వైపు గాడి తీసి అంచులు లోపలికి మడవాలి కదా, దానికి ప్రతి వైపూ రెండంగుళాలు పోతాయి. అందుకే 4 అడుగుల ఎత్తు బోర్డు అడిగినవాణ్ణి 3 అడుగుల 8 అంగుళాలకి ఒప్పించు. పైకి ఎక్కాక ఆ నాలుగంగుళాలు ఎవరికీ తెలియవు, నీకు మాత్రం ఇంకో షీటు ఖర్చు తప్పుతుంది. రేటు చెప్పేటప్పుడు బజారులో అందరూ అడిగినట్టే చదరపు అడుగు లెక్కన చెప్పు. నీ పుస్తకంలో మాత్రం షీట్లు ఎన్ని, పైపు ఎంత, వెల్డరు కూలి, ఆటో, పైకెక్కి బిగించేవాళ్ల కూలి, మిగిలిపోయే ముక్కలు, అన్నీ వేసుకుని, దాని మీద నీ లాభం కలుపుకో. రెండు లెక్కలకీ పొంతన కుదరకపోతే ఆ పని వదిలెయ్.

పైపు విషయంలో పీనాసితనం వద్దు. చెరువుల ఊళ్ల గాలికి మామూలు ఇనుము ఇట్టే తుప్పు పడుతుంది. జింకు పూత ఉన్న జీఐ పైపు తీసుకో. వెల్డింగు పెట్టిన చోట దాని పూత కాలిపోతుంది, అక్కడ మళ్లీ జింకు పెయింటు వేయించు. వెల్డరు తనంతట తాను వెయ్యడు, పక్కన నిలబడి వేయించుకోవాలి.

డిజైన్ బాగా చేస్తానని అన్నావు, సంతోషం. కానీ నువ్వు ఆఫీసులో చేసినవన్నీ ఇంగ్లీషు అక్షరాలు. అవి ఒక గీత మీద బుద్ధిగా నిలబడతాయి. మనవాటికి పైన గుడులు, కింద ఒత్తులు. ‘శ్రీ లక్ష్మీ మెడికల్స్’ అనే బోర్డు చూడు. ‘క్ష్మీ’కి పైన గుడి దీర్ఘం, కింద రెండు ఒత్తులు. మూడడుగుల బోర్డులో వాటన్నిటికీ చోటు వదిలితే అసలు అక్షరం ఒక అడుగు దాటదు. రోడ్డు అవతలివాడు చదివేది ఆ ఒక్క అడుగు అక్షరాన్నే. ఆ లెక్క కాగితం మీద ముందే చూపించు, లేకపోతే అక్షరాలు చిన్నవయ్యాయని ఆఖర్న గొడవ. లోపల ఎల్ఈడీ పెట్టే అక్షరాలైతే ఒత్తులు మరీ సన్నగా ఉండే ఫాంటు ఎంచకు. మాడ్యూలు, అంటే లోపల అతికించే చిన్న లైటు ముక్క, పట్టక ఒత్తులు చీకటిగా ఉండిపోతాయి, పగలు లక్ష్మీ అయినది రాత్రికి లకీ అవుతుంది! ఒత్తులు విడి ముక్కలు కాబట్టి, డిజైన్ మొత్తాన్ని అసలు సైజులో కాగితం మీద ప్రింటు తీయించు. దాన్ని బోర్డు మీద టేపుతో అంటించి, దాని ప్రకారమే అక్షరాలు అతికించు. కంటి అంచనాతో పెడితే ఏదో ఒక ఒత్తు పక్కింటికి పోతుంది.

కరెంటు పని ఎలక్ట్రీషియనుకే ఇవ్వు, లెక్క మాత్రం నీకు తెలిసి ఉండాలి. ఒక్కోటి 1.5 వాట్ల మాడ్యూళ్లు 100 పెడితే 150 వాట్లు. దానికి 150 వాట్ల ఎస్ఎంపీఎస్, అంటే ఎల్ఈడీలకి కరెంటు తగ్గించి ఇచ్చే పెట్టె, పెడితే అది ఎప్పుడూ కాగుతూనే ఉంటుంది, 200ది పెట్టు. అక్షరాల అడుగున సన్నటి బెజ్జాలు వదలకపోతే మొదటి వర్షాకాలానికే లోపల నీళ్లు నిలుస్తాయి. గ్యారంటీ ఇస్తే కాగితం మీద ఇవ్వు. సరుకు అమ్మినవాడు మాడ్యూలు మార్చి ఇస్తాడు గానీ, నిచ్చెన ఎక్కే కూలి నీదే.

కటింగుకి ఇచ్చేముందు కస్టమరు చేత అక్షరం అక్షరం చదివించు. ఫోను నంబరైతే ఆయన ఫోనుకే రింగిచ్చి చూడు. డిజైన్ ఓకే అని వాట్సాప్‌లో రాయించుకో. న్యూమరాలజీ ప్రకారం ఇంగ్లీషు పేరులో ఒక ‘ఏ’ ఎక్కువ పెట్టించుకునేవాళ్లు చాలామంది, దాన్ని తప్పనుకుని దిద్దేవు సుమా.

ఇక డబ్బు. జీతం ఒకటో తారీఖున పడుతుంది, బోర్డు డబ్బు అలా రాదు. సగం అడ్వాన్సు చేతికొచ్చాకే షీటు కొను. ముహూర్తం పొద్దున తొమ్మిదింటికి ఉంటే బోర్డు ముందు రోజు రాత్రికే ఎక్కాలి. ప్రారంభం రోజు యజమానిని పూలవాడు, వంటవాడు, షామియానావాడు అందరూ చుట్టుముడతారు, ఆ వరసలో నువ్వు ఆఖరివాడివి. అందుకని బోర్డు ఆటో ఎక్కేముందే మిగతా దాంట్లో చాలా భాగం వసూలు చేసుకో, వెలిగించి చూపించాక తీసుకునేది కొద్దిగానే ఉండాలి. నాయకుల పుట్టినరోజు ఫ్లెక్సీలు అడ్వాన్సు లేకుండా ఒక్కటీ ముట్టుకోకు. పుట్టినరోజు అయిపోయాక ఫోను ఎత్తేవాడు ఉండడు.

మీ ఊళ్లో రొయ్యల మేత కంపెనీలవాళ్లు డీలర్ల షాపులకి బోర్డులు చేయిస్తూ ఉంటారు. ఒకేసారి పదీ ఇరవై బోర్డుల ఆర్డరు వస్తుంది, మంచిదే, కానీ బిల్లు, ఫోటోలు పంపాక డబ్బుకోసం ఎదురుచూడాలి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, షాపు పెట్టిన వారంలోనే చేయించుకో. దాంతో చిన్న సంస్థవని రుజువుంటుంది. రాతపూర్వక ఒప్పందం ఉన్నా కూడా కొన్నవాళ్లు 45 రోజులు దాటకుండా చెల్లించాలని చట్టం చెబుతోంది, దాటితే వడ్డీ కట్టాలి. ప్రభుత్వ ఆన్‌లైన్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయొచ్చు. చేస్తే మళ్లీ ఆర్డరు రాకపోవచ్చు, అది నీ ఇష్టం. అందుకే నీ పనిలో అలాంటి బాకీ పనులు సగానికి మించనివ్వకు.

రాజీనామా సంగతి. అపాయింట్‌మెంట్ లెటరు తీసి చూడు, బయట పని చేయకూడదని రాసి ఉందేమో. అలాంటిదేమీ లేకపోతే శని ఆదివారాల్లో పనులు పట్టుకుని చూడు. ఐదేళ్ల సర్వీసు నిండకుండా మానేస్తే మామూలుగా గ్రాట్యుటీ రాదు, కాబట్టి నెలా రెండు నెలల్లో నిండేదైతే ఆగు. పీఎఫ్ షాపులో పెట్టకు. కంపెనీ ఇచ్చే హెల్త్ ఇన్సూరెన్స్ ఉద్యోగంతోనే పోతుంది, నీ భార్యకీ పిల్లకీ వేరే పాలసీ తీసుకున్నాకే కాగితం ఇవ్వు. ఇంటికి ఏడాది ఖర్చు విడిగా పెట్టి, దాన్ని షాపు డబ్బుతో కలపకు. కేంద్రం సబ్సిడీ ఇచ్చే పీఎంఈజీపీ లోను కావాలనుకుంటే షాపు తెరవకముందే అప్లై చెయ్యాలి, అది కొత్త యూనిట్లకే. సబ్సిడీ డబ్బు కూడా వెంటనే చేతికి రాదు, మూడేళ్లు బ్యాంకులోనే డిపాజిట్టుగా ఉంటుంది. స్కీము ఇప్పుడు ఏ రూపంలో ఉందో జిల్లా పరిశ్రమల కేంద్రంలో కనుక్కో.

ఆషాఢంలో మాత్రం మొదలుపెట్టకు. నమ్మకాల మాట అటుంచు, ఆ నెలలో కొత్త షాపులు తెరిచేవాళ్లే తక్కువ, కొత్తవాడివి నీరసపడిపోతావు. శ్రావణం నుంచి దసరా దాకా పని దొరుకుతుంది.

ఇంకొకటి, దీని గురించి మాత్రం నాతో వాదించకు. షాపుల ముందు నుంచి కరెంటు తీగలు పోతాయి. వాటి దగ్గర ఇనుప ఫ్రేము పైకెత్తాలంటే విద్యుత్తు ఆఫీసుకి వెళ్లి లైను ఆపించాకే. అల్యూమినియం నిచ్చెన అక్కడికి తీసుకెళ్లకు. వాన తుంపర పడుతుంటే పని లేదు. కస్టమరు ముహూర్తం అంటాడు, అననీ. ఎక్కేవాళ్లకి బెల్టులు కొను, మెషీను కొటేషనులో ఉన్న డబ్బుతో ఎన్నైనా వస్తాయి.

అక్కయ్యతో నేను మాట్లాడతాను, నువ్వు కదపకు. వచ్చే ఆదివారం రాజమండ్రి రా. మా పక్క సందులో ఒక స్వీటుషాపుకి బోర్డు కొలత తియ్యాలి. నువ్వే తీసి, నువ్వే రేటు వేసి చూపించు. టేపు నా దగ్గరుంది.

మీ మావయ్య