కిస్తీ తప్పిన సభ్యురాలు, కుర్చీ వదలని లీడరు
పాఠకుల ప్రశ్నలు – జవాబులు

మంచి నాయకత్వం గురించి అడిగిన ఉత్తరాల్లో ఈసారి సగానికి పైగా మహిళా పొదుపు సంఘాల లీడర్లు రాసినవే. అందుకే ఈ సంచికలో వాటికే చోటిచ్చాం.

మా సంఘంలో పదిమందిమి. బ్యాంకు లింకేజీ (సంఘం పేరున బ్యాంకు ఇచ్చే అప్పు) కింద 6 లక్షలు తీసుకుని తలా 60 వేలు పంచుకున్నాం. ఒకామె మూడో నెల కూడా కిస్తీ కట్టలేదు. భర్త మంచంలో ఉన్నాడంటోంది. "లీడరువి నువ్వే కదా, పోయి ఆమె గుమ్మం ముందు కూర్చో" అంటున్నారు మిగతావాళ్లు. ఏం చేయాలి?
– మొదటి లీడరు, నల్గొండ జిల్లా

గుమ్మం ముందు మాత్రం కూర్చోకండి. ఆ పద్ధతి ఎంతదూరం పోతుందో 2010లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చూసింది. చిన్న అప్పులిచ్చే మైక్రోఫైనాన్స్ కంపెనీలు తోటి సభ్యుల చేతే ఒత్తిడి చేయించి వసూళ్లు చేశాయి. ఆత్మహత్యల వార్తలు వరసగా వచ్చాక, ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. కిస్తీలు నెలకోసారే తీసుకోవాలని, అదీ పంచాయతీ ఆఫీసు లాంటి బహిరంగ చోటే తీసుకోవాలని కట్టడి పెట్టింది. మీది కంపెనీ కాదు, నిజమే. కానీ వీధిలో పరువు పోయిన మనిషి తర్వాతి సమావేశానికి రాదు. ఆమె రాకపోతే డబ్బూ రాదు.

అలాగని తాత్సారం చేయడానికీ లేదు. వాయిదా 90 రోజులు దాటి బకాయి పడితే బ్యాంకు ఆ ఖాతాను మొండి బాకీల్లో చేరుస్తుంది. తప్పింది ఒక్కరైనా మచ్చ పడేది సంఘం ఖాతాకు. సున్నా వడ్డీ లాంటి రాయితీలు కూడా సకాలంలో కట్టిన సంఘాలకే. కాబట్టి ఈ వారంలోనే కదలండి.

ముందు రెండో లీడరును వెంటబెట్టుకుని ఆమె దగ్గరికి వెళ్లండి. ఇరుగుపొరుగు గుమిగూడే సాయంత్రం వద్దు, మధ్యాహ్నం నయం. మూడే సంగతులు అడగండి. ఇంకా ఎవరెవరికి బాకీ ఉంది (ఫైనాన్సు, బంగారం మీద అప్పు, చేబదులు)? ఇంట్లోకి డబ్బు ఏ తేదీల్లో వస్తుంది (పాల బిల్లా, కూలీనా, కొడుకు జీతమా)? ఇప్పుడు ఎంతవరకు కట్టగలదు? మొదటి ప్రశ్నకు సూటిగా జవాబు రాకపోతే తొందరపెట్టకండి. బయటి అప్పు ఎక్కువున్నవాళ్లే అది చెప్పడానికి సిగ్గుపడతారు. కట్టలేకపోవడానికీ కట్టకపోవడానికీ తేడా ఈ జవాబులోనే బయటపడుతుంది.

తర్వాత లెక్క. ఏడాదికి 12 శాతం వడ్డీ, 36 నెలల గడువు అనుకుంటే 60 వేలకు నెల కిస్తీ 2 వేలకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. మూడు కిస్తీలంటే 6 వేలు. సంఘం సొంత పొదుపు నుంచి ఆ 6 వేలు ఆమెకు అంతర్గత అప్పుగా ఇచ్చి, నేరుగా బ్యాంకు అప్పు ఖాతాలో జమ చేయించండి. ఇకనుంచి ఆమె నెల కిస్తీతో పాటు 500 చొప్పున పన్నెండు నెలలు, దానిపై మీ సంఘం మామూలుగా తీసుకునే వడ్డీ కలిపి కడుతుంది. నెలకు 2,500 తన వల్ల కాదంటే మొదటి మూడు నెలలు బ్యాంకు కిస్తీతో పాటు ఈ అంతర్గత అప్పు వడ్డీ మాత్రమే కట్టించుకుని, 500ల లెక్క నాలుగో నెల నుంచి మొదలుపెట్టండి. ఏది ఒప్పుకున్నా సమావేశంలో చదివి వినిపించి, తేదీలతో సహా మినిట్స్ పుస్తకంలో రాసి, అందరి సంతకాలూ తీసుకోండి. ఆమె ఇంటి కష్టం మాత్రం పుస్తకంలోకి ఎక్కనక్కర్లేదు. లెక్క పదిమందిలో మాట్లాడాలి, కష్టం ఇద్దరి మధ్య మాట్లాడాలి.

లీడర్లు ఎక్కువగా తప్పటడుగు వేసేది ఇక్కడే. జాలిపడి తన చేతి డబ్బు కట్టేసి, ఎవరికీ చెప్పకుండా ఊరుకుంటారు. చూడటానికి మంచితనంలా ఉంటుంది. దాంతో ఆమె మీకు సొంతంగా బాకీ పడుతుంది. మీరు పెట్టిన తీర్మానానికి ఆమె చెయ్యెత్తితే అది మొహమాటంతోనా, ఇష్టంతోనా అన్నది తేలదు. రేపు మరొకరికి కట్టకపోతే "ఆమెకైతే కట్టావు" అంటారు. కష్టకాలానికి ఆదుకోవడానికే సంఘం పొదుపు ఉంది, దాన్నే వాడండి.

ఇక ఉండీ కట్టని మనిషి అని తేలితే ఈ వెసులుబాటు ఇవ్వకండి. కొత్త అప్పు ఆపుతూ తీర్మానం చేసి, విషయాన్ని గ్రామ సంఘానికి (ఊళ్లోని పొదుపు సంఘాలన్నీ కలిసిన సమాఖ్యకు) రాతపూర్వకంగా పంపండి.

మా లీడరు పదకొండేళ్లుగా ఆమే. నిజాయతీపరురాలు, బ్యాంకు పనులన్నీ తనే చూస్తుంది. మార్చాలంటే అందరికీ భయం. మంచి మనిషి ఉన్నప్పుడు మార్చడం ఎందుకు?
– సభ్యురాలు, శ్రీకాకుళం జిల్లా

ఆవిడ నిజాయతీ మీద మాకు అనుమానం లేదు. కానీ పదకొండేళ్లలో రెండో మనిషికి బ్యాంకులో విత్‌డ్రాయల్ ఫారం నింపడం రాలేదంటే అది ఆవిడ నాయకత్వంలోని లోపమే. రేపు ఆవిడకు జ్వరమొస్తే మీ సంఘం ఆగిపోతుంది.

మార్పు ఒక్క రోజులో చేయకండి. మూడు నెలలు ముందుగా, రాబోయే లీడరు నగదు పుస్తకం రాయాలి, పాత లీడరు పక్కన కూర్చోవాలి. బ్యాంకుకు ఇద్దరూ కలిసి వెళ్లాలి. అప్పగించే రోజు పాసుపుస్తకం ప్రింటు వేయించి అందరిముందూ లెక్క సరిచూడండి. పదిమంది నెలకు 200 చొప్పున పొదుపు చేస్తే ఏడాదికి 24 వేలు. ఆ మొత్తం, దాని మీద వచ్చిన వడ్డీతో సహా, బ్యాంకు నిల్వలోనో అంతర్గత అప్పుల్లోనో చేతినగదులోనో కనిపించాలి. తేడా వస్తే ఆ రోజు అప్పగింత ఆపండి, మనిషిని తప్పుబట్టకండి. చాలాసార్లు అది ఏదో నెల పుస్తకంలో ఎక్కని పది రూపాయల చిల్లరే అవుతుంది.

బ్యాంకుకు తీర్మానం నకలు, కొత్త లీడర్లిద్దరి ఆధార్, ఫోటోలు, సంతకాల నమూనా ఇవ్వాలి. రెండు సంగతులు తరచూ మరిచిపోతారు. ఒకటి, ఖాతాకు పాత లీడరు ఫోన్ నంబరే ఉండిపోతుంది, మెసేజీలన్నీ ఆవిడకే పోతుంటాయి. రెండోది మరీ ప్రమాదం: "ప్రతిసారీ ఎక్కడ తిరుగుతాం" అని సంతకం పెట్టిన ఖాళీ ఫారాలు సంఘాల లెక్కలు చూసే వీఓఏ దగ్గరో యానిమేటర్ దగ్గరో ఉంచేస్తారు. అవి వెనక్కి తీసుకుని అక్కడే చించేయండి.

శిక్షణలో 'ఎమోషనల్ ఇంటెలిజెన్స్' అన్నారు. అంటే లీడరుకు కోపం రాకూడదా? నాకు మాట పడితే ఆగదు.
– రెండో లీడరు, ప్రకాశం జిల్లా

కోపం రావడం తప్పని ఎవరూ అనలేదు. 1990లో పీటర్ సాలొవే, జాన్ మేయర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు దీన్ని వివరించినప్పుడు చెప్పింది, తన మనసులో ఏముందో ఎదుటివాళ్ల మనసులో ఏముందో పోల్చుకుని, ఆ ఎరుకతో ఆలోచించి నడుచుకోగలగడం అని. ఏ భావమూ లేకుండా రాయిలా కూర్చోవడం గురించి కాదు.

మీకు పనికొచ్చే చిట్కా: సమావేశంలో మీ అభిప్రాయం అందరికంటే చివర చెప్పండి. రోజూ నోరు విప్పని ఆమె నుంచి మొదలుపెట్టి వరసగా అడుగుతూ రండి. మీ వంతు వచ్చేసరికి సగం కోపం దిగుతుంది, పైగా మీకు తెలియని సంగతులు రెండు తెలుస్తాయి. గొంతులు పెరిగితే ఆ అంశం పక్కనపెట్టి పొదుపు వసూలు మొదలెట్టండి. చేతిలో డబ్బు లెక్కపెడుతూ అరవడం కష్టం. అప్పు ఎవరికివ్వాలన్న నిర్ణయం మాత్రం అరుపుల మధ్య ఎప్పుడూ చేయకండి, తర్వాతి సమావేశానికి వాయిదా వేయండి.

వాయిదా వేయకూడనిది ఒకటుంది. కులం పేరెత్తి ఎవరైనా మాట విసిరితే అక్కడికక్కడే ఆపాలి. మీ కోపానికి అక్కడ పని ఉంది.

రాజకీయ నాయకుడి మీటింగుకు రాని సభ్యులకు 200 జరిమానా అని వాట్సాప్‌లో పెట్టమంటున్నారు. పెట్టొచ్చా?
– లీడరు, గుంటూరు జిల్లా

వద్దు. సంఘం తన సమావేశాలకు రానివాళ్లకు తను చేసుకున్న తీర్మానం ప్రకారం జరిమానా వేసుకోవచ్చు. పార్టీ సభకు వేసే హక్కు ఎవరికీ లేదు. అప్పు ఆగిపోతుందని బెదిరిస్తే బెదరకండి. 10 లక్షల వరకు సంఘం అప్పుకు తాకట్టు అడగకూడదని, డిపాజిట్ పెట్టమనకూడదని, పొదుపు ఖాతాను స్తంభింపజేయకూడదని బ్యాంకులకు రిజర్వ్ బ్యాంకు ఆదేశాలున్నాయి. సభకు ఎవరెళ్లారన్న లెక్క వాటిలో ఎక్కడా లేదు. ఆ మాట మీకు ఫోన్లో చెప్పినవాళ్లను రాసి పంపమనండి. చాలామంది అక్కడితో ఊరుకుంటారు.

మా ఊళ్లో బెల్టు షాపు తీయించాలని సంఘాలన్నీ అనుకుంటున్నాం. కానీ అది నడిపేది మా సభ్యురాలి భర్తే. ఆమెతో ఎలా?
– గ్రామ సంఘం అధ్యక్షురాలు, నెల్లూరు జిల్లా

మీ జిల్లాకు ఈ పోరాటం కొత్త కాదు. దూబగుంటలో అక్షర దీపం చదువుల కోసం రాత్రిళ్లు కూడిన ఆడవాళ్లే సారా అమ్మకం ఆపించారు. వర్ధినేని రోశమ్మ పేరు అలాగే బయటికొచ్చింది. 1992లో అది జిల్లా అంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. 1997లో మద్య నిషేధం సడలించారు, అది వేరే కథ. ఆ ఉద్యమం నిలబడటానికి కారణం ఆవేశం ఒక్కటే అనుకుంటే పొరపాటు. రోజూ ఒకచోట కూర్చునే అలవాటు వాళ్లకు ముందే ఉంది. ఆ అలవాటే తర్వాత జిల్లాలో పొదుపు ఉద్యమానికీ పనికొచ్చింది.

లైసెన్సు లేకుండా మద్యం అమ్మడం నేరం కాబట్టి మీ చేతిలో చట్టం ఉంది. సీసాలు పగలగొట్టి దాన్ని పోగొట్టుకోకండి, కేసు మీ మీదికే తిరుగుతుంది. ఏ ఇంట్లో, ఏ వేళల్లో అమ్ముతున్నారో వారం రోజులు రాసుకోండి. గ్రామసభలో తీర్మానం పెట్టించి, అది రిజిస్టరులో ఎక్కిందో లేదో కళ్లారా చూసి సంతకాలు చేయండి. ఎక్సైజ్ ఆఫీసుకు ఫిర్యాదు రెండు ప్రతులు తీసుకెళ్లి, ఒకదానిపై ముద్ర, తేదీ వేయించుకోండి. కింద ఒక్కరి పేరు ఉండకూడదు. అన్ని సంఘాల లీడర్లూ సంతకం చేయాలి.

ఇక ఆ సభ్యురాలు. ఫిర్యాదు ఇవ్వడానికి ముందే మీరు ఆమెతో మాట్లాడాలి, ఆ సంగతి ఆమె మరొకరి నోట వినకూడదు. ఆమెను సంతకం అడగొద్దు, భర్తను ఒప్పించమని బరువు పెట్టొద్దు. షాపు మూతపడితే ఆ ఇంటికి పోయే రాబడి ఎంతో అడిగి తెలుసుకుని, వచ్చే లింకేజీ అప్పులో ఆమెకు గేదెకో కిరాణా కొట్టుకో వాటా గురించి సంఘంలో చర్చ పెట్టండి. ఇంట్లో ఆమెపై చెయ్యి పడుతుందన్న అనుమానం ఉంటే 181 మహిళా హెల్ప్‌లైన్ నంబరు ఆమెకిచ్చి, ఫిర్యాదు ఇచ్చిన రోజు నుంచి పక్కింటి సభ్యురాలు ఒకరు రోజూ ఆమెను పలకరించేలా చూడండి.