కాట్లియా వేరు చూసి నీళ్ళు పొయ్యి

చిరంజీవి చిట్టికి, అత్తయ్య ఆశీస్సులు.

కాట్లియా లేబియాటా అనే ఆర్కిడ్ మొక్క కొన్నావనీ, రోజూ పొద్దున్నే గ్లాసుడు నీళ్ళు పోస్తున్నావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ముందు ఆ గ్లాసు పక్కన పెట్టు. అది బ్రెజిల్ ఈశాన్యంలో, పెర్నాంబుకో, సియారా వైపు కొండల మీద చెట్ల కొమ్మల్నీ రాళ్ళనీ పట్టుకుని బతికే మొక్క. చుట్టూ కరువు నేల, ఆ కొండల మీద మాత్రం వానా, మంచూ. వానకి తడుస్తుంది, గాలికి ఇట్టే ఆరిపోతుంది. ఆ ఆరడమే మన ఇళ్ళల్లో జరగక చచ్చిపోతుంది.

అందుకే రోజులు లెక్కపెట్టకుండా వేరు చూడు. ఎండిన వేరు తెల్లగా ఉంటుంది, తడి తగలగానే ఆకుపచ్చకి తిరుగుతుంది. లోపలి వేళ్ళ సంగతి తెలియాలంటే కుండీ ఎత్తి చూడు, తేలిగ్గా ఉంటేనే పొయ్యి. పోసినప్పుడు మాత్రం పిసినారితనం వద్దు, అడుగునుంచి కారేదాకా పొయ్యాలి. అదీ పొద్దున పూటే. కొత్త మొలక లేతాకుల మధ్య రాత్రంతా నీళ్ళు నిలిచాయంటే మొలక నల్లబడి కుళ్ళుతుంది, ఇక ఆ ఏటికి పువ్వు లేనట్టే.

మీ అపార్టుమెంటులో బోరు నీళ్ళే అనుకుంటా. అందులో ఉప్పు వేరు కొసల్ని మాడ్చేస్తుంది. వాన నీళ్ళు పట్టి పెట్టుకో, లేదంటే ఆర్వో నీళ్ళు వాడు. మొలక పెరుగుతున్నన్నాళ్ళూ 19-19-19 ఎరువు (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండేది) లీటరు నీళ్ళకి అర గ్రాము కలిపి వారానికోసారి ఇస్తే చాలు. నెలకోసారి ఉత్త నీళ్ళతో కుండీ బాగా కడిగెయ్యి.

ఇప్పుడు మొక్క కొబ్బరి పొట్టులో ఉందట. వానాకాలంలో అది ఓ పట్టాన ఆరదు. పక్కలకి చిల్లులున్న మట్టికుండీ తెచ్చి బొగ్గులు, పెంకు ముక్కలు, దొరికితే పైన్ బెరడు వేసి మార్చాలి. మట్టి మాత్రం పిడికెడు కూడా వద్దు. అలాగని ఇవ్వాళే పీకకు. కొత్త మొలక మొదట్లో బియ్యపు గింజంత వేరు కొసలు పొడుచుకొస్తాయి, మార్చడానికి అదే అదను. ఆలస్యం చేస్తే ఆ కొసలు పొడుగై, చెయ్యి తగిలితే చాలు పుటుక్కున విరుగుతాయి. కుళ్ళిన వేళ్ళు కోసే ముందు చాకుని స్టవ్ మంట మీద కాల్చు, ఆర్కిడ్లకి వైరస్ ఎక్కువగా కత్తి ద్వారానే పాకుతుంది. పాత కాడలు కుండీ అంచుకి ఆనాలి, మొలక ముందు ఖాళీ ఉండాలి. కాడ మొదలు పైకే కనపడాలి, పూడ్చకు. ఊగకుండా పుల్లకి కట్టు. మొక్క ఊగితే లేత వేరు కొసలు బొగ్గులకి రాసుకుని ఆగిపోతాయి.

వెలుతురు ఎంతో ఆకే చెబుతుంది. నిగనిగలాడే ముదురాకుపచ్చ చూసి మురిసిపోకు, అది నీడ ఎక్కువైన మొక్క. కొంచెం పసుపు కలిసిన ఆకుపచ్చ ఉండాలి. తూర్పు బాల్కనీ మంచిది. ఏప్రిల్, మే నెలల్లో సగం నీడనిచ్చే నెట్ కట్టు. మా విశాఖలో గాల్లోనే తేమ ఉంటుంది, మీకు ఆ నెలల్లో ఉండదు కాబట్టి సాయంత్రం కుండీ చుట్టూ నేల తడుపు, మొక్కని కాదు.

ఇంకో సంగతి చాలామందికి తెలీదు. పగలు తగ్గి రాత్రి పెరిగితేనే ఇది మొగ్గ కడుతుంది. రాత్రంతా వీధి దీపం మీద పడుతుంటే మొక్క దిట్టంగానే ఉంటుంది, పువ్వు మాత్రం రాదు. ఆగస్టు నుంచీ చీకటి పడ్డాక లైటు తగలని మూలకి జరుపు. కొత్త కాడ చివర ఆకు దగ్గర పచ్చటి తొడుగు వస్తుంది, లేబియాటాకి తరచుగా తొడుగులో తొడుగు. సెల్‌ఫోన్ టార్చి వెనకనుంచి పట్టి చూడు, లోపల మొగ్గల నీడ కనిపిస్తుంది. కనపడలేదని విప్పి చూశావో, ఉన్నదీ పోతుంది.

అక్టోబరు, నవంబరుల్లో పెద్ద పువ్వు, పొద్దున పూట సువాసన. దీన్ని 1818లో స్వైన్‌సన్ అనే ప్రకృతి పరిశోధకుడు బ్రెజిల్ నుంచి ఇంగ్లాండుకి పంపితే, మొక్కలు పెంచే కాట్లీ గారి దగ్గర పూసింది. 1821లో లిండ్లీ అనే వృక్షశాస్త్రవేత్త మొక్కకి ఆ కాట్లీ గారి పేరే పెట్టాడు. తర్వాత అసలు చోటు తెలీక దాదాపు డెబ్భై ఏళ్ళు ఎక్కడెక్కడో వెతికారు. వేరే మొక్కల చుట్టూ ప్యాకింగ్‌గా చుట్టి పంపారని ఓ కథ చెబుతారులే, నమ్మకు.

పువ్వు వాడాక నీళ్ళు బాగా తగ్గించు, ఎరువు మానెయ్యి. కాడల మీద ఎండిన పొరలు మెల్లగా ఒలిచి పొలుసు పురుగు ఉందేమో చూడు, ఉంటే తడి దూదితో తుడువు.

కుండీ మార్చేముందు మొలక మొదలు దగ్గర్నుంచి ఫొటో తీసి పంపు. వేరు ఏ దశలో ఉందో చూసి చెబుతాను, అప్పటిదాకా మాలీని ముట్టుకోనివ్వకు.

మీ అత్తయ్య