అడిగినవాళ్ళందరికీ జవాబు చెప్పక్కర్లేదు, రూతూ

కొత్తరెడ్డిపాలెం

చిరంజీవి రూతుకి పెద్దమ్మ దీవించి రాసేది.

యుద్ధం గురించి ఎవరన్నా అడిగితే ఏం చెప్పాలని ఫోన్లో నువ్వు అడిగినదానికి అప్పుడే ఏమీ చెప్పలేదని కోపం తెచ్చుకోకు. ఫోన్లో అయితే మీ అమ్మ మధ్యలో దూరి "ముందా మెళ్ళో యూదుల నక్షత్రం తీసి పెట్టెలో పడెయ్యవే" అని ఏడుపు మొదలెడుతుంది, నువ్వు విసుక్కుని కట్ చేస్తావు. అందుకే ఉత్తరం.

ఆఫీసులో గానీ హాస్టల్లో గానీ గాజా మాట వస్తే అందరూ నీ వైపు చూస్తున్నారన్నావు. ఏం మాట్లాడినా టెన్షనే, మాట్లాడకపోయినా టెన్షనే అన్నావు. సరే. నువ్వు చేబ్రోలు పక్కన పుట్టి, హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటున్న తెలుగు యూదురాలివి. ఇజ్రాయెల్ ప్రభుత్వం నిన్ను అడిగి యుద్ధం చెయ్యలేదు, నిన్ను అడిగి ఆపదు. అక్కడి ఎన్నికల్లో నీకు ఓటు లేదు. కాబట్టి "మీవాళ్ళు ఎందుకిలా చేస్తున్నారు" అని ఎవరన్నా అడిగితే, ఆ ప్రభుత్వం తరఫున నువ్వు వకాల్తా పుచ్చుకోనక్కర్లేదు. "నా ప్రార్థన గురించి అడుగు, మా ఊరి గురించి అడుగు, చెప్తా. ఆ మంత్రివర్గం నిర్ణయాలకి మాత్రం నేను జవాబుదారీ కాదు" అని నిదానంగా చెప్పు. గొంతు పెంచకు.

అలాగని నోరు మూసుకు కూర్చోమనటం లేదు. 2023 అక్టోబరు 7న హమాస్ మనుషులు సుమారు 1200 మందిని చంపి, 251 మందిని బందీలుగా పట్టుకుపోయారు. పాటల పండక్కి వెళ్ళిన పిల్లలు వాళ్ళలో ఉన్నారు, మంచం మీంచి లేవలేని ముసలివాళ్ళున్నారు. ఆ తర్వాత గాజాలో పదుల వేలమంది చనిపోయారు. అందులో పసిపిల్లలెందరో. ఈ రెండూ ఒకే నోటితో చెప్పగలిగితేనే మాట్లాడు. మొదటిది చెప్పేటప్పుడు "అయితే" అని, రెండోది చెప్పేటప్పుడు "కానీ" అని సాగదీస్తున్నావంటే ఆ రోజుకి ఊరుకోవడం మంచిది. నీ రూమ్మేట్ నసీమా గాజా పిల్లల ఫొటోలు చూసి ఏడుస్తుందన్నావు. ఏడవనియ్యి. పక్కన కూర్చో. ఆ పిల్ల కన్నీళ్ళు నిన్ను తిట్టడం కాదు. నువ్వు ఆ బందీలని తలుచుకుని ప్రార్థన చేసుకుంటే అది ఆమెను తిట్టడమూ కాదు. ఇద్దరూ ఒకే గదిలో ఉంటూ ఈ మాత్రం అర్థం చేసుకోగలిగితే, టీవీలో అరిచే పెద్దమనుషులకంటే మీరే నయం.

నాకు ఎక్కువ భయం నిన్ను తిట్టేవాళ్ళతో కాదు, నిన్ను మెచ్చుకునేవాళ్ళతో. మీ ఆఫీసులో ఒకాయన వచ్చి "మీవాళ్ళు భలే బుద్ధి చెప్పారమ్మా, మనమూ అలాగే చెయ్యాలి" అని చెయ్యి కలిపాడన్నావే, అతనికి నీ మీద ప్రేమ లేదు. నసీమా వాళ్ళ మీద తనకున్న ద్వేషానికి నిన్ను సాక్షిగా నిలబెట్టుకుంటున్నాడు. ఆ మనిషికే నీది మాదిగపేట అని తెలిసిన రోజున ఏ గ్లాసులో నీళ్ళిస్తాడో నాకు తెలుసు, నీకూ తెలుసు. ఇంకో రకం మెప్పు మన కోస్తాలో మామూలే. చర్చి స్టేజీ మీద ఇజ్రాయెల్ నీలం, తెలుపు జెండా కట్టి, కొమ్ము బూర ఊది, "మీరు ప్రవచనం నెరవేర్పు" అంటారు. వాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు, మన చుట్టాల్లోనే ఉన్నారు. కానీ వాళ్ళ కథలో మనం చివరి అంకం కోసం అట్టేపెట్టిన పాత్రలం, అంతే. ఈ ఇద్దరికీ నవ్వుతూ దణ్ణం పెట్టి పక్కకి తప్పుకో. వాళ్ళ స్టేజీ ఎక్కకు, వాళ్ళ పోస్టర్లో ఫొటో పడనివ్వకు.

"అసలు మీరు నిజం యూదులేనా, రిజర్వేషన్ కోసమా, ఇజ్రాయెల్ వీసా కోసమా" అని అడిగేవాళ్ళూ ఉంటారు. రిజర్వేషన్ కోసమైతే మనకంటే తెలివితక్కువవాళ్ళు లేరు, ఆ సంగతి కింద రాస్తాను. మనం బైబిల్లోని ఇశ్రాయేలు గోత్రాల్లో ఒకటైన ఎఫ్రయిము గోత్రం అనేది మన పెద్దల నోటి మాట. అది చరిత్రకారుల ముందు రుజువైన విషయం కాదు. ఆ తేడా నువ్వు దాచకు. రుజువు లేనిదాన్ని రుజువైనట్టు చెప్పి ఒక్కసారి దొరికిపోతే, తర్వాత నువ్వు చెప్పే నిజాలు కూడా ఎవరూ నమ్మరు. "మా తాతలు బాప్టిస్టులు. 1990ల మొదట్లో మా ఊళ్ళో సినగాగు, అంటే యూదుల ప్రార్థనామందిరం, పెట్టుకున్నాం. అప్పట్నించి శనివారం విశ్రాంతిదినం ఆచరిస్తున్నాం" అని చెప్పు. ఇంతవరకు ఎవరూ కాదనలేనిది.

ఈ ప్రశ్న మనకొక్కరికే పడలేదు. బొంబాయి, కొంకణం వైపు బెనె ఇజ్రాయెల్ వాళ్ళున్నారు కదా, ఒకప్పుడు నూనె గానుగలు ఆడించేవాళ్ళు, శనివారం గానుగ ఆపేస్తారు కాబట్టి ఊళ్ళో వాళ్ళని 'శనివార తేలీలు' అనేవారు. ఎన్ని తరాలుగా యూదులో వాళ్ళకే లెక్క లేదు. అలాంటివాళ్ళు ఇజ్రాయెల్ వెళ్ళి స్థిరపడితే, 1960ల మొదట్లో అక్కడి రబ్బీల, అంటే యూదు మతగురువుల, పెద్ద కార్యాలయం "మీకు పెళ్ళి చెయ్యాలంటే మీ వంశం తవ్వి చూడాలి" అంది. వాళ్ళు తమ తోరాని, అంటే మోషే ధర్మశాస్త్రాన్ని, వదల్లేదు. 1964లో పెళ్ళాం బిడ్డలతో సహా జెరూసలేంలో ధర్నాకి కూర్చున్నారు. ఆ వేసవిలోనే ప్రభుత్వం దిగొచ్చి, వాళ్ళు అన్ని విధాలా యూదులేనని ప్రకటించింది. రబ్బీలు ఆ ఉత్తర్వు మార్చుకున్నారు. నాకు ఇందులో నచ్చేది, వాళ్ళు అడిగింది చాలా చిన్న సంగతి కావడం. మా పిల్లల పెళ్ళిళ్ళు అందరి పెళ్ళిళ్ళలాగే జరగాలి అన్నారు, అంతే. అడిగేది చిన్నదిగా, స్పష్టంగా ఉంటే తప్పించుకోవడం అవతలివాడికి కష్టం.

ఆ మాట మీదే రిజర్వేషన్ సంగతి. గ్రూప్స్ రాస్తానంటున్నావు కాబట్టి చెవి పెట్టి విను. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ అంటే హిందువు అయ్యుండాలి. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. మాదిగ క్రైస్తవుడైతే మన రాష్ట్రంలో బీసీ-సి. మాదిగ యూదుడైతే? ఆ గడే లేదు. పోనీ మైనారిటీ అందామంటే, కేంద్రం జాబితాలో ముస్లింలు, క్రైస్తవులు, సిక్కులు, బౌద్ధులు, పార్సీలు, 2014 నుంచి జైనులు ఉన్నారు. యూదులు లేరు. మహారాష్ట్ర 2016లో, గుజరాత్ 2018లో తమ రాష్ట్రాల్లో యూదులకి మైనారిటీ హోదా ఇచ్చాయి. మనం ఇక్కడ పట్టుకోవాల్సిన కొస అది. ఫేస్‌బుక్కులో ముక్కూమొహం తెలియనివాడితో జెరూసలేం ఎవరిది అని రాత్రి రెండింటిదాకా వాదించే ఓపికలో సగం పెట్టి, ఆ రెండు రాష్ట్రాల ఉత్తర్వులు సంపాదించి, తెలుగులో ఒక పేజీ అర్జీ రాయి. అది నువ్వు చెయ్యగలవు, నేను చెయ్యలేను, నాకు కంప్యూటర్ రాదు. నీ సర్టిఫికెట్ మాత్రం ఎవరి సలహా మీదా మార్పించకు, అబద్ధం రాయించకు. సివిల్ కేసులు చూసే మంచి అడ్వకేట్ దగ్గర కూర్చుని, కాగితాలన్నీ ముందు పెట్టి అడుగు.

ఎంతకాలం పడుతుందంటావా? 1994లో ఈదుముడిలో ఎస్సీ వర్గీకరణ కోసం మాదిగ దండోరా మోగినప్పుడు ఎవరనుకున్నారు అది 2024 ఆగస్టు 1 నాటి సుప్రీంకోర్టు తీర్పు దాకా నడుస్తుందని? ముప్పై ఏళ్ళు. అప్పుడు డప్పు కొట్టినవాళ్ళు కొందరు తీర్పు చూడకుండానే పోయారు.

ఓర్చుకోవడం గురించి దూరదేశాల కథలు చెప్పక్కర్లేదు. చుండూరు మనకి ఎంత దూరం? 1991 ఆగస్టు 6న అక్కడ ఎనిమిది మంది దళితుల్ని వేటాడి చంపారు. బతికినవాళ్ళకి తెనాలిలో శిబిరం పెడితే, మేమూ పేటలో బియ్యం పోగుచేసి పట్టుకెళ్ళాం. ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి ఏం చూశారో చెబుతుంటే వినడానికి నిలబడ్డవాళ్ళకి కాళ్ళు వణికాయి. వాళ్ళు పట్టుబట్టి ప్రత్యేక కోర్టుని ఆ ఊళ్ళోకే రప్పించుకున్నారు. 2007లో 21 మందికి యావజ్జీవం పడింది. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. మరి అంతా వృథా అయిపోయిందా? ప్రతి ఆగస్టు 6న, వాళ్ళని పూడ్చిన రక్తక్షేత్రం దగ్గరికి ఇప్పటికీ జనం వస్తున్నారు, చనిపోయినవాళ్ళ పేర్లు ఇప్పటికీ చెప్పుకుంటున్నారు. చనిపోయినవాళ్ళని పేరు పెట్టి తలుచుకోవడం యూదులకీ అలవాటే. ఐరోపాలో హిట్లర్ చంపించిన 60 లక్షల మంది పేర్లు సేకరించే పని జెరూసలేంలో ఇంకా సాగుతూనే ఉంది. మన దగ్గరేమో కోపిష్టి హెడ్మాస్టర్ని ముద్దుగా హిట్లర్ అంటాం. మీ ఆఫీసులో ఎవరన్నా అలా అంటే మొహం మాడ్చుకోకు. సందు చూసుకుని, ఆ 60 లక్షల్లో పిల్లలే సుమారు 15 లక్షలని ఒక్క మాట చెప్పు. తెలియక అంటారు, తెలిశాక చాలామంది మానేస్తారు.

ఇక మీ అమ్మ నక్షత్రం గొడవ. మీ అమ్మ భయం ఉత్త భయం కాదు. 2008 నవంబరులో ఉగ్రవాదులు ముంబైలో యూదుల కేంద్రమైన నారిమన్ హౌస్‌లోకి జొరబడి ఒక యువ రబ్బీని, కడుపుతో ఉన్న ఆయన భార్యని, వచ్చిన అతిథుల్ని చంపింది కేవలం వాళ్ళు యూదులని తెలిసే. వాళ్ళ రెండేళ్ళ పిల్లాణ్ణి ఆయా చంకనేసుకుని బయటపడింది. 2023 మేలో మణిపూర్ రగిలినప్పుడు అక్కడి కుకీ తెగల్లోని బ్నెయ్ మెనాషే యూదులు ఇళ్ళొదిలి పరిగెత్తారు, ప్రార్థనామందిరాలు తగలబడ్డాయి. వాళ్ళనెవరూ యూదులని కొట్టలేదు, కుకీలని కొట్టారు. మనకీ అంతే, ఏ పేరు మీద దెబ్బ పడుతుందో ముందు తెలియదు. అందుకని నీ టెన్త్ సర్టిఫికెట్, ఆధార్, ఇంటి కాగితాలు స్కాన్ చేసి ఒక కాపీ నీ మెయిల్లో పెట్టుకో, ఒకటి నాకు పంపు. హాస్టల్ అడ్రసు, నువ్వు వెళ్ళే ప్రార్థన చోటు, టైమూ ఇన్‌స్టాలో పెట్టకు. నక్షత్రం గొలుసు రద్దీ మెట్రోలో చున్నీ లోపల ఉంటే దేవుడికి కోపం రాదు. బైబిల్లో ఎస్తేరు రాణి కూడా మొదట తన జాతి ఎవరికీ చెప్పలేదు, అవసరమైన రోజున రాజు ముందు నిలబడి చెప్పింది. పూరీము పండక్కి ఏటా వింటూనే ఉన్నావుగా. ఎప్పుడు చెప్పాలో నీ ఇష్టం. ప్రేమించి పెళ్ళి చేసుకుందామనుకునేవాడికి మాత్రం మొదట్లోనే చెప్పు.

వీడియోలు ఫార్వర్డ్ చెయ్యకు. ఎక్కడిదో సిరియా వీడియో గాజాదని, గాజాది ఇజ్రాయెల్‌దని తిరుగుతుంటాయి. రక్తం మరిగే వీడియో వస్తే ఒక రోజు ఆగు. ఆ రోజంతా ఆగాక పంపాలనిపించేవి చాలా తక్కువ.

వీటన్నిటికంటే నాకు ముఖ్యం శుక్రవారం, ఆ సాయంత్రమే కదా మన విశ్రాంతిదినం మొదలయ్యేది. రోజూ వాదనలతో గడిపి, విశ్రాంతిదినం మర్చిపోయిన యూదులు చాలామంది ఉన్నారు. వార్తల్లో యుద్ధం ఉన్నంతసేపే వాళ్ళు యూదులు. నువ్వు అలా కాకు. హాస్టల్లో కొవ్వొత్తి వెలిగించనివ్వరన్నావు. వార్డెన్‌తో గొడవొద్దు, అగ్గి విషయంలో ఆవిడ భయం ఆవిడది. ఆస్పత్రుల్లో, హోటళ్ళలో చిన్న ఎలక్ట్రిక్ దీపంతో సరిపెట్టుకునే యూదులున్నారు, నువ్వూ పెట్టుకో. ఆ ప్రార్థనకి పనికొచ్చే ద్రాక్షసారా దొరకదు, దొరికినా లేడీస్ హాస్టల్లో సీసా కనబడితే పెద్ద రభస. బెనె ఇజ్రాయెల్ వాళ్ళు చేసేదే చెయ్యి. నల్ల ఎండుద్రాక్ష ఒక గుప్పెడు కడిగి, గురువారం రాత్రి గ్లాసుడు నీళ్ళలో నానెయ్యి. శుక్రవారం పొద్దున్నకి ఉబ్బుతాయి. చేత్తో బాగా పిసికి, పల్చటి గుడ్డలో వేసి పిండు. చక్కెర వెయ్యకు. ఫ్రిజ్‌లో పెడితే సాయంత్రానికి బావుంటుంది, రంగు కూడా తేరుతుంది. రొట్టె బదులు మెస్‌లో రెండు చపాతీలు తెచ్చుకుని మీద చేతిగుడ్డ కప్పు. షెమా ప్రార్థన చెప్పుకుని, ఫోన్ ఆపి డ్రాలో పెట్టెయ్యి. శనివారం రాత్రి మూడు నక్షత్రాలు కనబడేదాకా తియ్యకు. ఆ ఒక్కరోజు లోకం నీ అభిప్రాయం లేకుండా నడుస్తుంది. నసీమా ఉంటే ఒక గ్లాసు ఆ పిల్లకీ ఇవ్వు, అందులో మత్తేం ఉండదు, తాగొచ్చు.

పస్కా పండక్కి రావాలంటే తెనాలికి రిజర్వేషన్ ఇప్పుడే చేయించుకో, ఆ వారం రైళ్ళు కిక్కిరిసి వస్తాయి. వచ్చేటప్పుడు ఆ మహారాష్ట్ర, గుజరాత్ ఉత్తర్వులు ప్రింట్ తీసి పట్టుకురా. పెద్దక్షరాల్లో తియ్యి, నా కళ్ళద్దాలు మార్చలేదింకా.

ఇట్లు,
నీ పెద్దమ్మ