చెలక అమ్మిన పైసలు, 90 లక్షల బండి

ప్రశ్న: మేడం గారూ, మాది మిర్యాలగూడ. మా ఆయన, మా మరిది కలిసి రైస్ మిల్లు నడుపుతరు. నా పెండ్లప్పుడు మా నాన్న పసుపు కుంకుమ కింద చిట్యాల దగ్గర మూడెకరాల చెలక నా పేర రాసిచ్చిండు. 2018ల రైతుబంధు మొదలైనప్పుడు ఎకరానికి 4000 చొప్పున 12000 చెక్కు వచ్చింది. నా పేరు రాసిన చెక్కు నా చేతికి వచ్చుడు అదే మొదటిసారి. ఆ చెలక మొన్న 1 కోటి 80 లక్షలకు అమ్మినం. పైసలు నా ఖాతలనే ఉన్నయి. అప్పటి సంది మా ఆయన ప్రతి ఆదివారం హైదరాబాద్ తోల్కపోయి కార్లు నడిపి చూస్తుండు. బెంజ్ జీఎల్‌సీ, బీఎండబ్ల్యూ ఎక్స్3, ఆడి క్యూ5, వోల్వో ఎక్స్‌సీ60 అయినయి. ఫార్చ్యూనర్ మా అన్నకు ఉన్నది, అది గూడ నడిపిండు. నేను అన్నింట్ల వెనుక సీట్లనే కూసున్న. ఒకదాంట్ల నడుమ గుట్ట లెక్క లేచి ఉంది, అక్కడ కూసున్నోళ్లు కాళ్లెక్కడ పెట్టాలె? ఫార్చ్యూనర్ గుంతలల్ల ఎగరేస్తది, అత్తమ్మకు మోకాళ్ల నొప్పి, ఎక్కుడే కష్టం. ఈ మాట అంటే "బండి గురించి నీకేం ఎర్క?" అన్నడు, షోరూం పిల్లగాని ముంగట. శుక్రవారం బుకింగ్ అట. రోడ్డెక్కేసరికి 90 లక్షలైతదట. మిల్లు పేర తీసుకుంటే పన్ను కలిసొస్తదని ఆడిటర్ చెప్పిండట. బిడ్డకు సంబంధాలు చూస్తున్నం, ఇంటి ముంగట మంచి బండి ఉండాలె అంటడు. నాకు కారు వద్దని కాదు. మనసు ఒప్పుతలేదు. ఏ బండి మంచిదో చెప్పండి. నాది తప్పైతే అది గూడ చెప్పండి.

జవాబు: చివరి మాట ముందు చెబుతాను. మీది తప్పు కాదు. మనసు ఎందుకు ఒప్పడం లేదో మీ ఉత్తరంలోనే ఉంది, "షోరూం పిల్లగాని ముంగట" అన్న ఆ మూడు మాటల్లో. మీ నాన్న ఇచ్చిన చెలక అమ్మిన డబ్బుతో కొనే బండి అది. దాని గురించి ఒక్క మాట అంటే మీకేం తెలుసన్నారు. అక్కడ ఎవరికైనా గొంతు పట్టేస్తుంది.

మా అమ్మకు నాగర్‌కర్నూల్ దగ్గర ఎకరంన్నర చెలక పసుపు కుంకుమ కింద వచ్చింది. మా నాన్న దాన్ని అమ్మి బోర్లు వేయించాడు. మూడు వేస్తే మూడూ ఎండిపోయాయి. పాలమూరులో ఇది ఇంటింటి కథే. నాన్న దుబారా మనిషి కాదు, నీళ్లు పడితే అందరం బాగుపడేవాళ్లం. కానీ అమ్మ చివరిదాకా "నా చెలక" అనే అనేది, అది ఎవరి చేతిలో ఉన్నా సరే. ఆ మాట వచ్చినప్పుడల్లా నాన్న లేచి బయటికి వెళ్లిపోయేవాడు. అమ్మేముందు ఒక్కసారి కూర్చుని అడిగి ఉంటే ఆ మాట ఇంట్లో అన్నేళ్లు తిరిగేది కాదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. మీ ఉత్తరం చదువుతుంటే అదే గుర్తొచ్చింది.

"నీ పైసలు ఆయనవి కావా" అని ఇంట్లో ఎవరైనా అనొచ్చు. కావు. హిందూ వారసత్వ చట్టం 1956లోని 14వ సెక్షన్ ప్రకారం ఆ భూమికి మీరే పూర్తి హక్కుదారు. దాన్ని అమ్మగా వచ్చిన డబ్బూ అంతే. స్త్రీధనం భార్య సొంతమని, భర్త చేతిలో ఉన్నా అది అప్పగింత సొమ్మేనని సుప్రీంకోర్టు 1985లోనే ప్రతిభారాణి కేసులో చెప్పింది. కష్టకాలంలో భర్త వాడుకోవచ్చు, కానీ తిరిగి ఇవ్వాల్సిన బాధ్యత ఉంటుందని 2024లోనూ అన్నది. తోలు సీట్ల బండి ఏ కష్టకాలం కిందికి వస్తుందో మీ ఆయనే చెప్పాలి. ఇదంతా ఆయన మీద కేసు వేయమని కాదు. రేపు మాట్లాడేటప్పుడు మీ కాలి కింద నేల ఉందని మీకు తెలియాలని.

ఉత్తరంలో నన్ను అన్నిటికంటే ఎక్కువ భయపెట్టింది ఆడిటర్ చెప్పాడన్న ముక్క. మిల్లు పేర కొంటే ఏడాదికి 15 శాతం చొప్పున బండి విలువ తరుగుదలను ఖర్చుగా చూపించి ఆదాయపు పన్నులో కొంత మిగుల్చుకోవచ్చు, నిజమే. అయితే ఇలాంటి కారు మీద కట్టిన జీఎస్‌టీని మిల్లు మళ్లీ వెనక్కి తీసుకోవడం కుదరదు. అది పోయినట్టే. అదీ పక్కన పెట్టండి. మిల్లు పేర కొన్న బండి ఎవరిది? మిల్లుది. మిల్లు ఎవరిది? మీ ఆయనది, మీ మరిదిది. రేపు అన్నదమ్ములు వేరుపడితే, వేరుపడరని ఏ ఇంట్లోనూ రాసిపెట్టి లేదు, ఆ బండి పంపకాల్లోకి వస్తుంది. మీ నాన్న మీ పసుపు కుంకుమకు ఇచ్చిన చెలక డబ్బుతో కొన్న బండిలో సగం మీ మరిది వాటాలో పడుతుంది. మీ మరిది మంచివాడే కావచ్చు, మీ తోడికోడలూ మంచిదే కావచ్చు. లెక్కల పుస్తకానికి మంచీ చెడూ తెలియదు.

మిల్లు పేరే కావాలని పట్టుబడితే ఒక దారి ఉంది. మీ డబ్బు మిల్లుకు అప్పుగా వెళ్లాలి. మీ ఖాతా నుంచి మిల్లు ఖాతాకే పోవాలి, మిల్లు పుస్తకాల్లో మీ పేర అప్పుగా రాయాలి, వడ్డీ ఎంతో ఉండాలి, భాగస్వాములిద్దరూ సంతకం పెట్టాలి. మీ మరిది కూడా సంతకం పెట్టాల్సి వస్తుందని చెప్పి చూడండి, మిల్లు పేరు మాట ఎంత త్వరగా చల్లబడుతుందో.

ఇంకో సంగతి, దీని గురించి ఇంట్లో ఎవరూ మాట్లాడుతున్నట్టు లేదు. చెలక మీ పేర ఉంది కాబట్టి దాని మీద పన్ను పడితే మీ పాన్ మీదే పడుతుంది. పట్టణాలకు దూరంగా ఉన్న పల్లె భూమైతే పన్ను లేదు. పురపాలక సంఘం పరిధిలో గానీ, చట్టం చెప్పిన దూరంలో దాని చుట్టుపక్కల గానీ ఉంటే ఉంది, లాభం మీద 12.5 శాతం, పైన సర్‌ఛార్జీ, సెస్సు. మీ చెలక విషయంలో 20 లక్షలు దాటవచ్చు. కొన్ని షరతుల మీద రెండేళ్లలోపు మళ్లీ సాగుభూమి కొన్నా, ఇల్లు కొన్నా, ఆరు నెలల్లోపు దీనికోసమే ఉన్న బాండ్లలో 50 లక్షల దాకా పెట్టినా ఆ పన్ను తగ్గుతుంది. కారు కొంటే ఒక్క రూపాయి తగ్గదు. 90 లక్షలు బండికి పోయాక నోటీసు వస్తే, అది మీ పేర వస్తుంది. పన్ను పోను, బండి పోను, చేతిలో మిగిలేది 70 లక్షలకు లోపే. ఇన్సూరెన్స్ వాళ్ల లెక్కలోనే ఐదేళ్లకు బండి విలువ సగానికి పడిపోతుంది.

జీఎస్‌టీ తగ్గింది, ఇప్పుడే కొనాలని కూడా మీ ఆయన అంటూ ఉండొచ్చు. తగ్గిన మాట నిజం. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఇలాంటి పెద్ద బండ్ల మీద సెస్సుతో కలిపి 50 శాతం ఉన్నది 40 అయింది. కానీ అది శుక్రవారం దాకా ఉండే దసరా ఆఫర్ కాదు కదా.

మీ ఆయన పక్కనుంచి కూడా కాస్త చూద్దాం. మిర్యాలగూడలో మిల్లు నడపడమంటే వడ్ల లారీలు, తేమ శాతం గొడవలు, బ్యాంకు లిమిట్లు, కరెంటు బిల్లు. సాటి మిల్లు యజమానులు ఫంక్షన్ హాల్ ముందు ఏ బండి దిగుతున్నారో ఆయన రోజూ చూస్తాడు. ఆదివారం తెల్లచొక్కా తొడుక్కుని స్టీరింగ్ పట్టుకున్నప్పుడు ఆయన వయసు పదేళ్లు తగ్గుతుంది. ఆ సంతోషాన్ని వెక్కిరించకండి. అన్ని ఆదివారాలూ మిమ్మల్ని వెంట తీసుకెళ్లాడు, అది కూడా లెక్కలో వేసుకోండి. చాలామంది బుక్ చేశాక ఇంటికొచ్చి చెబుతారు. సంబంధాల మాటకు మాత్రం నేను ఒప్పుకోను. ఇంటి ముందున్న బండి చూసి వచ్చేవాళ్లు అడగడం కూడా ఆ బండి లెక్కలోనే అడుగుతారు. అమ్మాయి చదువు, ఉద్యోగం చూసి వచ్చేవాళ్లకు వాకిట్లో ఏది నిలబడిందో పట్టదు.

ఇక బండ్లు. నేను కార్ల మనిషిని కాదు, కానీ మీ ఉత్తరంలో మీరు చూసినవి ఆయన చూసినవాటి కంటే పనికొచ్చేవి. ఆ నడిమి గుట్ట ఉన్నది ఒక్కదాంట్లోనే కాదు. ఆ నాలుగూ నాలుగు చక్రాలకూ బలం పంపే బండ్లు, ఆ బలం మోసే షాఫ్ట్ అనే ఇనుప కడ్డీ కింద నుంచి వెనక్కి పోతుంది, అందుకే అక్కడ లేచి ఉంటుంది. పేరుకు ఐదుగురి బండి, హాయిగా కూర్చునేది నలుగురు. ఫార్చ్యూనర్ లారీలా అడుగున చట్రం మీద కట్టిన బండి, వెనుక కూర్చున్నవాళ్లను ఎగరేయడం దానికి అలవాటు. అత్తమ్మ, మీరిద్దరు, పిల్లలు, పైన తోడికోడలు. అందరూ కలిసి వాడపల్లి నర్సింహస్వామి దగ్గరికి పోవాలంటే రెండో బండి తీయాల్సిందే.

ఆడి, వోల్వో ఇప్పుడు మన దగ్గర డీజిల్ బండ్లు అమ్మడం లేదు, పెట్రోలే. డీజిల్ కావాలంటే మిగతా వాటిలో చూసుకోవాలి. అయితే ఇంటి నుంచి మిల్లుకు, మిల్లు నుంచి ఇంటికి నాలుగైదు కిలోమీటర్లే తిరిగే బండి డీజిల్ అయితే పొగగొట్టం దారిలో ఉండే ఫిల్టర్ మసి పట్టి స్టీరింగ్ ముందున్న హెచ్చరిక దీపం వెలుగుతుంది, హైవే ఎక్కించి తోలమంటుంది. సర్వీసుకు అటు హైదరాబాద్, ఇటు విజయవాడ, ఎటు పోయినా ఒక రోజు పోతుంది. స్టెప్నీ ఉందో లేదో డిక్కీ తెరిపించి చూడండి. కొన్నిటికి ఉండదు, కొన్నిటికి సన్నటి చక్రం ఉంటుంది, 80 దాటి పోవద్దని దాని మీదే రాసి ఉంటుంది. రాత్రి పది గంటలకు నార్కట్‌పల్లి దారిలో పంచర్ అయితే అప్పుడు ఆ చక్రం ముఖం చూడాలి. పైన అద్దం కప్పు ఉన్నది తీసుకుంటే మే నెలలో నల్లగొండ ఎండ దాని కింద ఎలా ఉంటుందో మీకు చెప్పనక్కర్లేదు. తెల్లటి సీట్లు తవుడు దుమ్ముకు ఎన్నాళ్లు ఆగుతాయో కూడా.

ఇప్పటిదాకా ఆయన నడిపింది షోరూం చుట్టూ ఉన్న నున్నటి రోడ్డు. కొనే మనుషులని నమ్మకం కుదిరితే బండిని ఇంటికే తెచ్చి చూపిస్తారు, అడగండి. మిర్యాలగూడకు రమ్మనండి. అత్తమ్మను ఎక్కించండి, దించండి, మళ్లీ ఎక్కించండి. మిల్లు ముందున్న లారీల దారిలో తోలమనండి, మీ గేట్లోంచి లోపలికి తెమ్మనండి. రెండు పక్కలా ఉండే అద్దాలు విప్పితే ఈ బండ్ల వెడల్పు రెండు మీటర్లు దాటుతుంది. అదే రోజు ఇన్నోవా హైక్రాస్ కూడా తెప్పించండి. ఏడుగురు పడతారు, వెనుక నడుమ గుట్ట ఉండదు, ఆ 90 లక్షల్లో సగం కూడా కాదు. "మళ్లీ ఇన్నోవానేనా" అని మీ ఆయన ముఖం ముడుచుకుంటాడని నాకు తెలుసు. ముడుచుకోనివ్వండి, ముందు అత్తమ్మను ఏది సుఖంగా ఉందో అడగమనండి. మీ మాటను తీసిపారేసినట్టు ఆమె మాటను తీసిపారేయడం ఆయనకు కుదరదు.

శుక్రవారం సంగతి. బ్యాంకులో డబ్బు పంపే ఆర్‌టీజీఎస్ ఫారం మీద సంతకం పెట్టకండి. గొడవ పెట్టుకోవద్దు, ఏడవద్దు, షోరూంలో మాటకు మాట అనవద్దు. గురువారం రాత్రి అన్నం తిన్నాక, అత్తమ్మ, పిల్లలు పడుకున్నాక, ఇద్దరే ఉన్నప్పుడు చెప్పండి. "బండి కొందాం. నా పైసల్లనే కొందాం. కానీ పన్ను ఎంతో తేలినంక కొందాం, అది నా పేరు మీదనో మనిద్దరి పేరు మీదనో ఉండాలె. ఎంత పెట్టాలో నేను చెప్తా." ఇంతే. అంకె మీరే అనండి, 30 అనుకుంటే 30, 50 అనుకుంటే 50. అంతకు మించి ఆయనకు కావాలంటే ఆయన డబ్బు వేసుకుంటాడు. షోరూం ముచ్చట కూడా అప్పుడే, మెల్లగా అనండి: "ఆ పిల్లగాని ముంగట అట్ల అంటే నాకు పానం చివుక్కుమన్నది." ఆయన ఆ మాట అన్నట్టు ఆయనకు గుర్తు కూడా లేకపోవచ్చు. అప్పుడు కోపం తెచ్చుకోకండి. గుర్తు చేయండి, అంతే.

ఆయన గట్టిగా అరిస్తే? అరవొచ్చు. సంతకం మాత్రం మీ చేతిలోనే ఉంది.

సోమవారం ఆడిటర్ దగ్గరికి మీరూ వెళ్లండి. మిల్లు ఆడిటర్ కాకుండా నల్లగొండలోనో హైదరాబాద్‌లోనో ఇంకొకరైతే మేలు. పట్టాదారు పాస్‌బుక్ నకలు, అమ్మకం కాగితం, పాన్ కార్డు మీ చేతిసంచిలో పెట్టుకోండి, ఆయన బ్యాగులో కాదు.